పక్క ఊరి నర్సు

నోన్‌ఖా ఆరోగ్య కేంద్రంలో బుధవారం అంటే చక్కెర రోజు. తెల్లవారగానే చుట్టుపక్కల పల్లెల నుంచి చక్కెర జబ్బు ఉన్నవాళ్ళంతా పరగడుపున వచ్చి, మెట్ల దగ్గర చెప్పులు విడిచి, వరండా బల్లల మీద వరసగా కూర్చునేవారు. నర్సు చవీవన్ ఒక్కొక్కరినే పిలిచి, వేలు గుచ్చి, అంకె చూసి, గోడకున్న పలక మీద అందరికీ కనబడేలా రాసేది. అంకె బాగుంటే పేరు పక్కన పచ్చ చుక్క. లేకపోతే ఎర్ర చుక్క. ఎర్ర చుక్క పడినవాళ్ళకు అక్కడే, అందరి ముందే తలంటేది.

"ఏం పెద్దమ్మా, మళ్ళీ మామిడిపండూ జిగురన్నమూ ముందేసుకుని కూర్చున్నావా? కళ్ళు పోయాక కర్ర పట్టుకుని నా దగ్గరికే వస్తావు కదా, అప్పుడు చెప్తా నీ సంగతి."

పెద్దమ్మ తల దించుకునేది. పక్కవాళ్ళు నవ్వు ఆపుకునేవారు. వచ్చే బుధవారానికి ఆ పెద్దమ్మ పేరు పక్కన పచ్చ చుక్క పడేది. చవీవన్ సంతృప్తిగా తలాడించేది.

ఆమె చెడ్డ మనిషి కాదు. మూన్ నది పొంగి పొలాలన్నీ మునిగిన ఏడు, పడవ కట్టించుకుని ఇంటింటికీ ఇన్సులిన్ చేరవేసిన మనిషి. ఆ ఊళ్ళో సగం మంది పిల్లలకు బొడ్డు కోసిన చేతులవి. జిల్లా ఆఫీసువాళ్ళు ఏటా ఇచ్చే ప్రశంసాపత్రాలు చట్రాలు కట్టించి, బుద్ధుడి పటానికి కాస్త కింద వరసగా తగిలించుకుంది. చక్కెర అదుపులో నోన్‌ఖాను మించిన ఊరు జిల్లాలో లేదు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనేది కాదు. అనాల్సిన అవసరం లేకుండా, వచ్చినవాళ్ళను ఆ గోడకు ఎదురుగానే కూర్చోబెట్టేది.

ఇంత ఉన్నా ఆమెకు మనశ్శాంతి లేకపోవడానికి కారణం ఒక్కటే. కన్నికా.

కన్నికా వాగు అవతల హువాయ్‌సాయ్ ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారు. కన్నికా రెండేళ్ళు చిన్న. నరం దొరకక చేతులు వణుకుతుంటే పట్టుకుని నేర్పింది చవీవనే. ఆ కన్నికా ఇప్పుడు జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మగవాళ్ళు నడిపే పెద్ద మోటారుసైకిలు మీద ఊళ్ళు తిరుగుతుంది. ముసలాళ్ళతో వరసలు కలిపి మోటు సరసాలాడుతుంది. మొగుడు బ్యాంకాక్‌లో ఇంకో కాపురం పెట్టాడని తనే అందరికీ నవ్వుతూ చెప్పేస్తుంది. ఆమె ఊళ్ళో చక్కెర అంకెలు చూస్తే చవీవన్‌కు కళ్ళు తిరిగేవి. ఏ ప్రశంసాపత్రమూ ఆ గుమ్మం తొక్కలేదు.

అయినా నోన్‌ఖావాళ్ళు కొందరు మాత్రలకు వాగు దాటి అక్కడికే పోవడం మొదలుపెట్టారు. మొదట ఒకరిద్దరు. తర్వాత ఒక వీధి. ఎండాకాలం సరే, వానల్లో మోకాలి లోతు బురదలో కూడా. చవీవన్ ఎవరినీ ఎందుకని అడగలేదు. అడిగితే చులకనైపోతానని. కానీ బుధవారం బల్లల మీద ఖాళీ జాగాలు కనబడినప్పుడల్లా ఆమెకు కడుపులో ఎవరో పచ్చిమిరపకాయలు నూరుతున్నట్టు ఉండేది.

*

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా యూనివర్సిటీ నుంచి ఫనిదా అనే ఆమె వచ్చింది. పాఠాలు చెప్పే మనిషి కనుక అందరూ 'అజాన్' అని పిలిచారు. పల్లెల్లో చక్కెర రోగులకు వైద్యం ఎలా అందుతోందో తేల్చడం ఆమె పని. మందులు అందుతున్నాయా, అందినవి మింగుతున్నారా, కళ్ళూ కాళ్ళూ ఎవరైనా చూస్తున్నారా, ఇదంతా లెక్కల్లో తేలాలి. అందుకు సమాచారం ఎలా సేకరించాలో ముందు నర్సులతో కూర్చుని మాట్లాడుకుందామంది. సమావేశం నోన్‌ఖాలోనే పెట్టుకుందామని చవీవన్ పట్టుబట్టి మరీ ఒప్పించింది.

ఆ రోజు వరండా కడిగించింది. ప్రశంసాపత్రాల అద్దాలు తుడిపించింది. తెల్లవారుజామునే లేచి చేపలు కాల్చింది, వెదురు మొలకల కూర వండింది, పచ్చి బొప్పాయి తురిమి దంచింది. ఇంత చేశాక, వాగు అవతల నుంచి మోటారుసైకిలు మీద వచ్చిన కన్నికా సంచిలోంచి ఒక డబ్బా తీసి మధ్యలో పెట్టింది. ఎర్ర చీమల గుడ్ల పచ్చడి.

"పొద్దున్నే మా మామిడిచెట్టెక్కి దులిపానండీ, చూడండి, ఇక్కడ రెండు కుట్టాయి" అని మెడ చూపించింది.

అజాన్ ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంది. "అబ్బ, మా అమ్మమ్మ చేసేది ఇలాగే. ఎన్నేళ్ళయిందో తిని!"

ఆ తర్వాత చేప ముట్టినవాళ్ళు లేరు. చవీవన్ నవ్వుతూనే ఉంది. నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టాయి.

పనిలోకి దిగాక మాటలు చకచకా సాగాయి. ఎప్పుడు చేయాలి? ఏప్రిల్‌లో సోంగ్‌క్రాన్ పండక్కి పట్నం పిల్లలందరూ ఇళ్ళకొస్తారు, తిండి అదుపు తప్పుతుంది, అప్పుడు చూసే చక్కెర చక్కెర కాదు. వానలు పడితే నాట్లు, మనిషి ఇంట్లో దొరకడు. కాబట్టి పండగకూ నాట్లకూ మధ్య. ఎవరిని అడగాలి? రోగుల పేర్లన్నీ చీటీలు రాసి జిగురన్నం బుట్టలో వేసి, కళ్ళు మూసుకుని తీయాలి. మనకు నచ్చినవాళ్ళను ఏరుకోకూడదు. అంతకు ముందు, ఈ నెలలోనే, రెండు ఊళ్ళలో ఇలాగే చీటీలు తీసి కొద్దిమందిని అడిగి ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

"ఎవరు అడగాలి?" అంది అజాన్.

"ఎవరి ఊరు వాళ్ళే" అంది చవీవన్ వెంటనే. "మా ఊళ్ళో ఏ ఇంట్లో ఏం వండుతారో నాకు తెలుసు. కొత్త మొహం పోతే నోరు విప్పరు."

కన్నికా వేళ్ళు నాకుతూ అంది, "నాకైతే అలా అనిపించదక్కా. మనం అడిగితే మనకిష్టమైన జవాబే చెప్తారు. 'మాత్రలు వేసుకుంటున్నావా తాతా' అని నేనడిగితే, ఏ తాతైనా లేదంటాడా? రేపు నా దగ్గరికే రావాలిగా. నా ఊరికి నువ్వు పో, నీ ఊరికి నేను పోతాను."

అజాన్ ముఖం వెలిగింది. "అదే నేనూ అనబోయాను. వైద్యం చేసేవాళ్ళే వైద్యం గురించి అడిగితే అంకెలు నమ్మలేం. మార్చుకుందాం."

అయిపోయింది. తన వరండాలో, తన చాప మీద, తన ఊరిని కన్నికా చేతిలో పెట్టేశారు. చవీవన్ "అలాగే, మంచి ఆలోచన" అంది. గిన్నెలు కడుగుతూ చేపలన్నీ కుక్కలకు పడేసింది.

*

హువాయ్‌సాయ్ వెళ్ళిన రోజు ఆమె హుషారుగానే వెళ్ళింది. కన్నికా గుట్టు బయటపడుతుందన్న ఆశ.

గుట్టంటూ అక్కడ ఏమీ లేదు. మొదటి ఇంట్లోనే ఒక ముసలమ్మ, తమలపాకు నములుతూ, ఎదురుగా చల్లటి తీపి కాఫీ పెట్టుకుని కూర్చుంది.

"మందులు ఎన్ని రోజులు మానేశావమ్మమ్మా, పోయిన వారంలో?"

"నాలుగు రోజులనుకో. మనవడి పెళ్ళికి పోయా, డబ్బా మర్చిపోయా."

"మరి ఇదేంటి, ఈ కాఫీ?"

"ఇదా? ఇది కాఫీయే తల్లీ. నీకూ ఓ గ్లాసు కలపమంటావా?"

వేలు గుచ్చితే అంకె ఆకాశంలో ఉంది. చవీవన్‌కు లోపల్లోపల పండగే. ఇల్లిల్లూ అంతే. ఒకడు సారా తాగుతానన్నాడు. ఇంకొకామె సూది భయంతో ఇన్సులిన్ సగమే పొడుచుకుంటానంది. అందరూ అడిగిందానికల్లా, వాతావరణం గురించి చెప్తున్నట్టు, తడుముకోకుండా చెప్పారు.

"ఇవన్నీ మీ నర్సుకు తెలుసా?" అని ఉండబట్టలేక అడిగింది. ఆ ప్రశ్న కాగితంలో లేదు.

"తెలియకేం? కన్నికాకు అన్నీ తెలుసు. తిడుతుందిలే, కానీ తిట్టాక పక్కన కూర్చుంటుంది" అంది ముసలమ్మ.

చవీవన్ మోటారుసైకిలెక్కింది. దారి పొడుగునా లెక్క వేసుకుంటూ వచ్చింది. ఇంత ఘోరమైన అంకెలు జిల్లాలో ఎక్కడా ఉండవు. అజాన్ చూస్తే తెలుస్తుంది ఎవరేమిటో. కానీ ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా సంతోషం నిలబడలేదు. 'పక్కన కూర్చుంటుంది' అన్న మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంటి మలుపు తిరిగేసరికి కన్నికా పెద్ద మోటారుసైకిలు తన ఇంటి ముందే ఉంది. చీటీల్లో, చక్కెర జబ్బే ఉన్న తన భర్త తోంగ్‌దీ పేరు కూడా వచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇంటి కింద, నీడలో వెదురు మంచె మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. తలలు దగ్గరగా ఉన్నాయి. కన్నికా చెయ్యి అతని మోకాలి మీద ఉంది. తోంగ్‌దీ మణికట్టుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

పెళ్ళయి ఇన్నేళ్ళలో అతను ఏడవడం చవీవన్ చూసింది ఒక్కసారే, అతని తండ్రి చితి దగ్గర.

ఆమెను చూడగానే తోంగ్‌దీ గళ్ళ తుండుగుడ్డ కాళ్ళ మీదికి లాక్కున్నాడు. కన్నికా లేచింది.

"అయిపోయిందక్కా, బయల్దేరుతున్నా."

"ఇంతసేపా? కాగితంలో ఉన్నవి కాసిన్ని ప్రశ్నలే కదా."

"కొందరు ఎక్కువ మాట్లాడతారు."

"మా ఆయనా? రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఏం చెప్పాడేంటి?"

కన్నికా ఆమె కళ్ళలోకి చూసింది. ఎప్పుడూ ఉండే వెటకారం ఆ చూపులో లేదు. "ఎవరికీ చెప్పనని మాటిచ్చి అడిగాం కదక్కా. ఆయన్ని అడుగు" అని బండి తీసింది.

ఆయన్ని అడిగితే "ఏముంది, అవే ప్రశ్నలు" అన్నాడు. ఆ సాయంత్రమే చాప చంకన పెట్టుకుని, పుచ్చతోటలో దొంగలు పడుతున్నారంటూ పొలంలోని పాకకు వెళ్ళిపోయాడు. నిజానికి నెలనాళ్ళుగా అక్కడే పడుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ చవీవన్ దాని గురించి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించడం మొదలుపెట్టింది.

ఆలోచన మొదలయ్యాక ఆగలేదు. నిరుడు తారాజువ్వల పండగలో కన్నికాతో కలిసి అతను చిందులేసిన సంగతి గుర్తొచ్చింది. తనతో ఎప్పుడైనా వేశాడా? తను రమ్మని ఎప్పుడైనా చెయ్యి పట్టుకుందా? యూనిఫాంలో కుర్చీ వేసుకుని పెద్దమనుషుల పక్కన కూర్చునేది కదా. ఇంకా వెనక్కి వెళ్ళింది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కన్నికా తమ ఇంట్లోనే రెండు నెలలుంది. అప్పుడు అతను ఆమె కోసం గాలం వేసి చేపలు పట్టుకొచ్చాడు. అప్పట్నుంచీ ఉందా ఇది?



నాలుగైదు రోజులకు సంతలో ఐసు అమ్మే సాయ్‌బువా గడ్డ పగలగొడుతూ అంది, "అక్కా, మీ ఆయనకు ఒంట్లో బాగాలేదా? హువాయ్‌సాయ్‌లో కన్నికా వాకిట్లో బండి కనబడింది. మొన్నా చూశా, నిన్నా చూశా."

"పుచ్చకాయలు అమ్ముకోవడానికి వెళ్ళుంటాడు."

"ఆసుపత్రిలోనా?" సాయ్‌బువా పక్కనున్న చేపలామెను చూసి కన్ను గీటింది. "పోన్లే, ఇంట్లో డాక్టరమ్మ ఉన్నా బయట మందు పనిచేసినట్టు ఇంటి మందు పనిచేయదు కొందరికి."

చేపలామె ఫక్కున నవ్వింది. చవీవన్ ఐసు అక్కడే వదిలేసి వచ్చేసింది. ఆ మధ్యాహ్నమే పొలానికి వెళ్ళింది. పాకలో చాప ఉంది, నీళ్ళ కుండ ఉంది, మనిషి లేడు. పుచ్చకాయలు తీగల మీద వాటి మానాన అవి ఎండకు కాగుతున్నాయి.

*

మర్నాడు రెండో సమావేశం. ఈసారి హువాయ్‌సాయ్‌లో. కన్నికా వరండా గోడ మీద ఏ పత్రాలూ లేవు, ఒక ముసలాడు మాత్రం బల్ల మీద నిద్రపోతున్నాడు.

చవీవన్ తన అంకెలు చదివి వినిపించింది. ఎక్కువగా ఉన్న ప్రతి అంకె దగ్గరా కాస్త ఆగి చదివింది. కన్నికా కిందికి చూస్తూ తలాడించింది. "అవును, మా ఊళ్ళో చక్కెర ఎక్కువే. నేనూ ఏం చేయాలో తెలియక చస్తున్నా" అంది అంతే.

తర్వాత కన్నికా మాట్లాడింది. "నాకు ఒక ఇబ్బంది కనబడింది అజాన్. నేను తిరిగిన ఇళ్ళలో పరగడుపు చక్కెర చాలా బాగుంది. కానీ మాటల్లో తేలిందేమంటే, పరీక్ష వస్తోందంటే రెండు రోజుల ముందు నుంచీ జిగురన్నం మానేస్తున్నారు. తిప్పతీగ కషాయం తాగుతున్నారు. ఒకామె నీళ్ళ మీదే ఉండి, పరీక్షకొచ్చే దారిలో కళ్ళు తిరిగి పడిపోయిందట. పరీక్ష అయ్యాక మళ్ళీ మామూలే. కాబట్టి మనం వేలు గుచ్చి చూసే అంకె పనికిరాదు. మూడు నెలల చక్కెర తెలిసే రక్తపరీక్షే పెట్టుకోవాలి. ఖర్చైనా సరే."

"ఏ ఊరు?" అంది చవీవన్.

"ఊరెందుకక్కా. ఎక్కడైనా జరగొచ్చు."

"నువ్వు తిరిగింది నా ఊరు. పేరు పెట్టి చెప్పు. నా పలక మీద పచ్చ చుక్కలన్నీ దొంగ చుక్కలని చెప్పు."

"నేనలా అనలేదు."

"మరి ఎలా అన్నావు? నా రోగుల్ని లాక్కున్నావు, ఊరుకున్నాను. అన్నం పెట్టిన ఇంటికే వచ్చి..." గొంతు పెరిగింది. బల్ల మీది ముసలాడు లేచి కూర్చున్నాడు. "ఇదంతా నీకు ఎవరు చెప్పారో నాకు తెలియదనుకున్నావా? రోజూ నీ వాకిట్లో బండి ఆపుతున్నాడట మా ఆయన. ఏం మందిస్తున్నావే ఆయనకు, నా దగ్గర దొరకని మందు?"

అజాన్ కలం మూత పెట్టడం మొదలుపెట్టి, అది ఎంతకూ పట్టనట్టు దాన్నే చూస్తూ ఉండిపోయింది. కన్నికా ముఖం పాలిపోయింది. ఎదురు మాట వస్తుందనుకుంది చవీవన్. తిట్టు వస్తే బాగుండునని కూడా అనుకుంది.

"ఇప్పుడే పొలానికి వెళ్ళు" అంది కన్నికా మెల్లగా. "నిన్న కూడా చెప్పా ఆయనకు. ఇవాళ నువ్వు అడక్కపోతే నేనే మాట తప్పుదామనుకున్నా. వెళ్ళక్కా."

*

తోంగ్‌దీ పాకలో అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. అంత ఎండలోనూ కుడికాలికి రబ్బరు బూటుంది.

"ఏమయ్యా, ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఇది? ఊరంతా నవ్వుతోంది నన్ను చూసి. ఐసు అమ్ముకునేది కూడా!"

"ఏం సాగుతోంది?"

"నువ్వూ, ఆ కన్నికా."

అతను ముందు అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక నవ్వాడు. నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. వంగి బూటు లాగాడు. మేజోడు తీశాడు. లోపల కట్టు ఉంది, పొందిగ్గా కట్టిన కట్టు. అది చవీవన్‌కు తెలిసిన కట్టు. మడమ దగ్గర అలా మెలిపెట్టి చుట్టడం కన్నికాకు నేర్పింది తనే.

కట్టు విప్పగానే వాసన వచ్చింది. చిటికెన వేలు నల్లబడి ఉంది. దాని కింద అరికాల్లో గుంట.

"మేకు దిగింది" అన్నాడు. "ఎప్పుడు దిగిందో తెలియదు. బూటు తీస్తే బూటంతా రక్తం. నొప్పి లేదు. ఏడాదై అరికాళ్ళు మొద్దుబారిపోయాయి చవీవన్. ఎండలో నేల కాలుతున్నా తెలియదు."

"ఏడాదా?" ఆమె నేల మీద కూలబడింది. "ప్రతి బుధవారం వస్తావు కదయ్యా! పచ్చ చుక్క..."

"తిప్పతీగ చుక్క అది. నా పేరు పక్కన ఎర్ర చుక్క పడితే నీకెంత తలవంపులు! డాక్టరమ్మ మొగుడికే అదుపు లేదంటారు. అందుకని మంగళవారం వస్తే తిండి మానేసేవాణ్ణి. ఒక్క నేనేనా? ఊళ్ళో సగం మంది అంతే. నువ్వు మెచ్చుకుంటే బాగుంటుంది వాళ్ళకు. నాకూ బాగుండేది."

"నాకు చెప్పాల్సింది కదా. మొగుడూ పెళ్ళాలం. నాకు చెప్పాల్సింది!"

"నువ్వు ఇంట్లో కూడా నర్సువేనే" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది. "నువ్వడిగితే పరీక్ష రాస్తున్నట్టుంటుంది. ఆమె అడిగి ఊరుకుంది. నేను చెప్పేదాకా ఊరుకుంది, అంతే. ఎందుకో నోటికొచ్చేసింది. కట్టు కట్టి, పెద్దాసుపత్రికి పొమ్మని రోజూ తిడుతోంది. అక్కడికి పోతే కాగితం తిరిగి నీ దగ్గరికే వస్తుందిగా. ఇవాళా రేపా అని నేనే నెట్టుకొచ్చా."

చవీవన్ ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. వేళ్ళ మధ్య నొక్కింది. "తెలుస్తోందా?" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఇంకొంచెం పైన నొక్కింది. "ఇక్కడ?" చీలమండ దాకా వెళ్ళాక గానీ అతను అవునని అనలేదు. ఆమె ఏడుస్తూనే అతన్ని లేపి, బండెక్కించి, జిల్లా ఆసుపత్రికి పోనిచ్చింది.

చిటికెన వేలు తీసేశారు. ఇంకో వారం ఆగుంటే పాదం పోయేదని సర్జన్ చెప్పాడు.

కన్నికా మర్నాడే వచ్చింది, అరటాకులో కాల్చిన చేపా, జిగురన్నం బదులు మామూలు అన్నమూ పట్టుకుని. ఆడవాళ్ళిద్దరూ వార్డు బయట బల్ల మీద కూర్చున్నారు.

"నువ్వు నాకు చెప్పుండాల్సింది" అంది చవీవన్.

"చెప్పుండాల్సింది. మాటిచ్చానని ఆగా. ఆ మొదటి రోజే చెవి పట్టుకుని ఇక్కడికి లాక్కురావాల్సింది. ఆ వేలు పాపం నాకూ కాస్త తగులుతుంది."

క్షమాపణ అడగాల్సింది తనే అని చవీవన్‌కు తెలుసు. అంతమందిలో అన్న మాట అది. నోరు తెరిచింది కూడా. కానీ ఆమె కళ్ళ ముందు తిరుగుతున్నది ఒకటే. తన మొగుడి పాదం ఈ మనిషి తనకన్నా ముందు చూసింది. ఒళ్ళో పెట్టుకుంది. అతని కన్నీళ్ళు చూసింది. మొగుడు తప్పు చేయలేదని తెలిశాక తగ్గాల్సిన మంట తగ్గకపోగా ఇంకో చోట రాజుకుంది. ఇంకో ఆడదాని దగ్గరికి పోయుంటే తిట్టి తెచ్చుకునేది. నిజం చెప్పుకోవడానికి పోయినవాణ్ణి ఏమని తిట్టాలి?

"ఆ రోజు అన్నది..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"తినక్కా, చల్లారిపోతుంది" అంది కన్నికా. అదీ నచ్చలేదు చవీవన్‌కు. కానీ తింది.

*

పండగ దాటాక చివరి సమావేశం జరిగింది. చవీవన్ వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చి, మూల కూర్చుని, అందరూ చెప్పింది విని, చివర్లో గొంతు సవరించుకుంది.

"ఎవరి ఊళ్ళో వాళ్ళు అడగొద్దు. కన్నికా చెప్పిందే సరి. మూడు నెలల పరీక్షే పెట్టండి." ఆ రెండు వాక్యాలూ పలకడానికి ఆమెకు రక్తం ధారపోసినంత పనైంది. ఆగి, ఇంకోటి అంది. "కాగితంలో 'మీ పాదాలు ఎవరైనా పరీక్షించారా' అని ఉంది. దానికి మా ఆయన అవుననే చెప్పేవాడు. ప్రశ్నతో వదలొద్దు. చెప్పులు విప్పించి, అరికాలు తిప్పి చూడమనండి. మొగుడైనా సరే, పెళ్ళామైనా సరే."

అజాన్ రాసుకుంది. "ఒక్కో ఇంటికి ఇంకాస్త సమయం పడుతుంది" అంది.

"పట్టనీయండి" అన్నారు నర్సులిద్దరూ ఒకేసారి. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నాట్లకు ముందే ఇంటింటికీ తిరగడం పూర్తయింది. లెక్కలు వచ్చేసరికి చలికాలమైంది. మూడు నెలల చక్కెరలో నోన్‌ఖా హువాయ్‌సాయ్ కన్నా ఎంతో మెరుగు కాదు, కళ్ళూ పాదాలూ చూపించుకోవడంలో మాత్రం వెనకబడే ఉంది. ఆ ఏడు జిల్లా ఆఫీసువాళ్ళు ప్రశంసాపత్రం ఎవరికీ ఇవ్వలేదు. చవీవన్ వరండాలో పలక తీయించేసింది. అంకెలు ఇప్పుడు లోపలి గదిలో, తలుపు వేసి, ఒక్కొక్కరి చెవిలో చెబుతుంది. తిట్టడం పూర్తిగా మానలేదు. కానీ తిట్టబోయి, గుటక మింగి, "పోయిన వారం ఏం తిన్నారో చెప్పండి" అని అడిగి ఊరుకోవడం నేర్చుకుంటోంది. ఆ ఊరుకోవడమే ఆమెకు చచ్చేంత కష్టం. వాగు దాటి వెళ్ళినవాళ్ళలో ఇద్దరు తిరిగొచ్చారు. మిగతావాళ్ళు రాలేదు.

తోంగ్‌దీ కూడా రాలేదు. మాత్రలకు కన్నికా దగ్గరికే పోతానన్నాడు. "ఇంట్లో నాకు పెళ్ళాం కావాలి" అన్నాడు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, కాలు సరిగా ఆనని మనిషి అంత దూరం బండెలా నడుపుతాడని, తనే వెనక ఎక్కించుకుని హువాయ్‌సాయ్ తీసుకెళ్ళింది. అప్పటి నుంచి నెలనెలా తీసుకెళ్తోంది.

గేటు లోపలికి మాత్రం వెళ్ళదు. ఎదురుగా నూడుల్స్ బండి దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటుంది. లోపల కన్నికా ఏదో అంటుంది, తోంగ్‌దీ గట్టిగా ఏదో జవాబిస్తాడు. మాటలు అర్థం కావు. ఇంట్లో నాలుగు మాటల మనిషి, అక్కడ అన్ని మాటలు. ఆమె సూపులో కారం మీద కారం వేసుకుని, చెమటలు కక్కుతూ తాగుతుంది.

మొన్నటి సారి అతను చాలాసేపటికి బయటికొచ్చాడు. కర్ర పొడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఎంత వచ్చింది?" అంది చవీవన్, అతని వైపు చూడకుండా.

అతను చెప్పాడు. ఎక్కువే వచ్చింది. పుచ్చకాయ తిన్నానన్నాడు, రెండు రోజులు వరసగా, తోటలోనే పగలగొట్టుకుని.

చవీవన్ నోటి దాకా వచ్చినదాన్ని సూపుతో పాటు మింగేసింది. బండివాడిని ఇంకో గిన్నె పెట్టమంది, నూడుల్స్ తక్కువేసి, ఆకుకూర ఎక్కువేసి.